ఎంతసేపు నడవాలో చెప్పారు సరే, ఏ దారిన నడవాలి?

నడక ఆరోగ్యానికి మంచిదని తెలియనివారు ఈ రోజుల్లో లేరు. షుగరు, బి.పి. ఉన్నవారికీ, గుండెకు స్టెంటు వేయించుకున్నవారికీ, మోకాళ్ళ నొప్పులతో వచ్చినవారికీ డాక్టరు గారు మందుల చీటీ కింద ఒక మాట రాస్తారు: రోజూ 30 నిమిషాలు నడవాలి. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శరీరశ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు అనే లెక్క దీనికి సరిపోతుంది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తెలిపింది. కాబట్టి ఈ సలహా వినని ఇల్లు దాదాపు ఉండదు.

అయితే మాత్ర రాసినప్పుడు ఎన్ని మిల్లీగ్రాములో, పరగడుపున వేసుకోవాలో భోజనం తర్వాత వేసుకోవాలో కూడా రాస్తారు. నడకకు మాత్రం నిమిషాలు రాసి ఊరుకుంటాం. చీటీ పట్టుకుని ఇంటికి వెళ్ళినవారు మొదటి రెండు రోజులు ఉత్సాహంగా బయలుదేరుతారు. మూడో రోజు మెయిన్ రోడ్డు మీద లారీ ఒరుసుకుంటూ పోతుంది. నాలుగో రోజు సందు మలుపులో కుక్కలు వెంటపడతాయి. అయిదో రోజు మూత లేని మురుగు కాలువ పక్కన కాలు జారుతుంది. ఆ తర్వాత నడక ఇంటి డాబా మీదికి, అక్కడి నుంచి టీవీ ముందు కుర్చీలోకి చేరుతుంది. మళ్ళీ చెకప్‌కు వచ్చినప్పుడు "నడుస్తున్నారా అమ్మా?" అని అడిగితే "వీలు కావడం లేదండీ" అంటారు. దాన్ని బద్ధకం కింద జమ కట్టేస్తాం. చాలామంది విషయంలో అది బద్ధకం కాదు. వారికి నడవదగిన దారి దొరకలేదు, అంతే.

నడక అనే మందులో సగం నిమిషాల్లో ఉంటే, మిగతా సగం దారిలో ఉందని నా అభిప్రాయం. ఆ దారిని ముందుగా చూసుకోవడానికీ, మనకు తెలిసిన మంచి దారిని పక్కవారికి చెప్పడానికీ ఇంటర్నెట్‌లో ఉచితంగా మ్యాపు సాధనాలు ఉన్నాయి. వీటిని కుర్రవాళ్ళ సెల్‌ఫోన్ సరదా అనుకుని పక్కన పెట్టకుండా, బి.పి. మిషన్ లాగా, షుగరు చూసుకునే గ్లూకోమీటరు లాగా ఇంట్లో వాడుకునే ఆరోగ్య సాధనంగా చూడాలి.

దారి మారితే ఫలితం మారుతుంది

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వైద్య పరిశోధకులు 60 ఏళ్ళు దాటిన 119 మందిపై చేసిన అధ్యయనం ప్రసిద్ధ వైద్య పత్రిక 'లాన్సెట్'లో వెలువడింది. వారిలో ఆరోగ్యవంతులు ఉన్నారు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఉన్నారు, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారూ ఉన్నారు. ప్రతి ఒక్కరినీ ఒకసారి హైడ్ పార్కులో రెండు గంటలు, మరొకసారి డీజిల్ బస్సులు, టాక్సీలు బారులు తీరే ఆక్స్‌ఫర్డ్ వీధిలో రెండు గంటలు నడిపించారు. పార్కులో నడిచాక ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది, రక్తనాళాల బిగువు తగ్గింది. ఆక్స్‌ఫర్డ్ వీధిలో నడిచినప్పుడు ఆ మేలు చాలావరకు కనిపించలేదు. మనుషులు వారే, కాళ్ళు అవే, నిమిషాలు కూడా అన్నే. మారింది దారి ఒక్కటే.

పొగ ఒక్కటే కాదు, ప్రమాదం కూడా ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 32 వేల మందికి పైగా పాదచారులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన పోతున్నవారే. ఆరోగ్యం కోసం నడవమని చెప్పి, ఎక్కడ నడవాలో చెప్పకపోవడం ఎంత అసంపూర్ణమైన వైద్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

వీధి ఒకటే, అవసరాలు వేరు

అందరికీ ఒకే దారి పనికిరాదు. కాళ్ళలో రక్తప్రసరణ తగ్గినవారికి కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేస్తాయి. ఆగి కాసేపు కూర్చుంటే నొప్పి తగ్గి మళ్ళీ నడవగలుగుతారు. ఇలా నడిచి, ఆగి, మళ్ళీ నడవడమే వారికి చికిత్సలో భాగం. వారి దారిలో రెండు మూడు వందల మీటర్లకు ఒక బెంచీ కావాలి, లేదా కూర్చోవడానికి ఒక అరుగైనా ఉండాలి.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి గులకరాళ్ళు, గాజుపెంకులు లేని నేల కావాలి. పాదానికి దెబ్బ తగిలినా వారికి వెంటనే తెలియదు, ఆ పుండు నెలల తరబడి మానకపోవచ్చు. మోకాళ్ళు అరిగినవారికి మెట్లు, దిగుడు దారులు పడవు. ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధ పెడుతుందని వారే చెబుతారు. ఆయాసం ఉన్నవారు బస్టాండు, పెద్ద సిగ్నలు ఉన్న కూడలి తప్పించుకోవాలి. ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దాయనకూ, నెలలు నిండుతున్న గర్భిణికీ దారిలో మరుగుదొడ్డి ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. అది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. చాలామంది పెద్దలు నడక మానేయడానికి అసలు కారణం అదే అయినా పైకి చెప్పరు.

గుండె, ఊపిరితిత్తుల రోగులకు ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు. 30 మీటర్ల చదునైన వరండాలో ఇటూ అటూ నడిపించి, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగారో కొలుస్తారు. ఉదాహరణకు ఒకరు 300 మీటర్లు నడిచారనుకుందాం. అది చదును నేల మీద లెక్క. వారి ఇంటి ముందున్న 300 మీటర్లు ఎక్కుడుగా ఉంటే లెక్క మారిపోతుంది. ఆసుపత్రి వరండాకూ ఇంటి వీధికీ మధ్య ఉన్న ఈ తేడాను ముందుగా చూపించగలిగేది మ్యాపే.

ఈ మ్యాపులు ఎలా పనిచేస్తాయి?

మనలో ఎక్కువమంది వాడేది గూగుల్ మ్యాప్స్. దాన్ని సాధారణంగా బండి మీద పోయేవారి కోసమే తెరుస్తాం. అందులో నడిచే మనిషి బొమ్మను నొక్కితే కాలినడక దారి విడిగా వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక కారు దారినే నడక దారిగా చూసుకునేవారు ఉన్నారు.

దీనికి తోడు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని మరొకటి ఉంది. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టారు. దీన్ని గీసేది ఒక కంపెనీ కాదు, ప్రపంచమంతటా ఉన్న సామాన్య ప్రజలు. ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకుని తమ వీధిని అందులో చేర్చవచ్చు. రోడ్డు గీత ఒక్కటే కాకుండా ఫుట్‌పాత్ ఉందా, నేల సిమెంటా మట్టా, వీధి దీపం ఉందా, మెట్లకు చేతిపట్టు కమ్మీ ఉందా, బెంచీకి వీపు ఆనించుకునే వీలుందా, తాగునీరు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయి అనేవి కూడా నమోదు చేయవచ్చు. వీధుల పేర్లు తెలుగులోనూ రాయవచ్చు. పైన చెప్పిన రోగులకు కావలసినవి సరిగ్గా ఇవే కదా!

ఎత్తు పల్లాల సంగతి చూద్దాం. దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. కాగితం మీద మ్యాపు కూడా అంతే, హైదరాబాదులో బంజారాహిల్స్ రోడ్డూ చదునుగానే కనిపిస్తుంది, విశాఖపట్నంలో కైలాసగిరి ఎక్కే దారీ చదునుగానే కనిపిస్తుంది. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమి ఉపరితలంలో ఎక్కువ భాగం ఎత్తును కొలిచింది. ఆ కొలతలను అందరికీ అందుబాటులో ఉంచారు. నేడు దారి గీసే సాధనాలు చాలావరకు ఇలాంటి కొలతలతోనే ఏ మలుపు దగ్గర ఎన్ని మీటర్లు ఎక్కాలో గీత గీసి చూపిస్తున్నాయి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్‌లో ఒకసారి మన ప్రాంతం మ్యాపు దించుకుంటే, తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా నడక దారీ సైకిలు దారీ ఎత్తుపల్లాలతో సహా చూపిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన బ్రిటన్‌లోని సైకిల్ స్ట్రీట్స్ వారిది. కేంబ్రిడ్జ్ నగరపు సైకిలు ప్రియుల కృషి నుంచి పుట్టిన ఈ సాధనం 2009 నుంచి ఆ దేశమంతటికీ దారులు చూపిస్తోంది. ఎక్కడికి వెళ్ళాలో చెబితే అది మూడు దారులు ఇస్తుంది. ఒకటి త్వరగా చేరేది, ఒకటి వాహనాల రద్దీ తక్కువగా ఉండి ప్రశాంతంగా సాగేది, ఇంకొకటి రెండింటికీ మధ్యస్థంగా ఉండేది. ఎంపిక మనది. ఆఫీసుకు ఆలస్యమైనవారు మొదటిది తీసుకుంటారు, పిల్లలను వెంటబెట్టుకుని బడికి వెళ్ళే తల్లి రెండోది తీసుకుంటుంది. దగ్గరి దారే మంచి దారి అనే అలవాటు నుంచి మనం బయటపడాలి. ఆరోగ్యం కోసం నడిచేవారికి తొందరగా చేరవలసిన చోటు అంటూ ఏదీ లేదు.

సైకిలు విషయంలోనూ ఇంతే. మోకాళ్ళ మీద శరీర భారం అంతగా పడదు కాబట్టి, కీళ్ళ నొప్పులున్న కొందరికి నడక కన్నా సైకిలే సుఖంగా ఉంటుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఎండ తగలకుండా తొక్కుకోవచ్చు. మంచి పనే. కానీ ఇంటి నుంచి ఆ ట్రాకు దాకా క్షేమంగా ఎలా చేరాలి? ఊరి మధ్య ఉన్నవారికి అదే అసలు సమస్య. రద్దీ తక్కువ ఉన్న లోపలి వీధులు ఎవరో ఒకరికి తెలిసే ఉంటాయి. ఆ తెలిసినవారు గీసి ఇస్తే నలుగురికీ పనికొస్తుంది.

గీసి ఇవ్వవలసింది మనమే

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో రోడ్డు కనిపిస్తుంది గాని, ఆ రోడ్డు మీద సాయంత్రం దీపం వెలుగుతుందో లేదో కనిపించదు. అది ఆ వీధిలో ఉండేవారికే తెలుసు. మ్యాపులో మన ఊరు ఖాళీగా ఉందంటే, మన ఊరివారు ఎవరూ రాయలేదని అర్థం.

ఆరోగ్యానికీ మ్యాపుకూ ఉన్న బంధం కొత్తది కాదు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారో వీధుల మ్యాపు మీద గుర్తించి, బ్రాడ్ వీధిలోని నీటి పంపు వైపు వేలు చూపారు. ఈ కథ చాలామందికి తెలుసు. అంతగా తెలియని సంగతి మరొకటి ఉంది. ఆ ప్రాంతంలోని సెయింట్ లూక్ చర్చిలో సేవచేస్తున్న యువ పాదిరి హెన్రీ వైట్‌హెడ్ మొదట స్నో మాట నమ్మలేదు. అది తప్పని నిరూపించాలనే ఉద్దేశంతో తనకు బాగా పరిచయమున్న ఇళ్ళన్నీ తిరిగి, ఎవరు ఏ నీళ్ళు తాగారో అడిగి తెలుసుకున్నారు. చివరికి ఆయన సేకరించిన వివరాలే స్నో మాటకు బలమైన సాక్ష్యమయ్యాయి. డాక్టరుకు తెలియని వివరం ఇల్లిల్లూ తెలిసిన మనిషికి తెలుస్తుంది. మంచి మ్యాపుకు ఇద్దరూ కావాలి.

2014లో రెడ్ క్రాస్ సంస్థలు, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మానవతా బృందం కలిసి మిస్సింగ్ మ్యాప్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఎక్కడో ఇంట్లో కూర్చున్న స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ చిత్రాలు చూసి రోడ్లు, ఇళ్ళు గీస్తారు. ఆ ఊరివారు వాటికి పేర్లు చేరుస్తారు. టీకాలు వేయడానికీ, వరదల్లో సాయానికీ వెళ్ళేవారు ఆ మ్యాపు పట్టుకుని వెళతారు. అంత పెద్ద పని మన వల్ల కాకపోవచ్చు. మన కాలనీలో నాలుగు బెంచీలు గుర్తించడం మాత్రం మన వల్ల అవుతుంది.

ఇంకో మాట. మన శ్రమ మన చేతిలో ఉండేలా చూసుకోవాలి. గూగుల్ సంస్థ 2008లో మ్యాప్ మేకర్ అనే సాధనం తెచ్చింది. దాని వెనుక ఉన్నది మన దేశపు ఇంజనీరు లలితేశ్ కాట్రగడ్డ. దాని ద్వారా ఎందరో తమ ఊళ్ళ దారులు ఎంతో ఓపికగా గీశారు. 2017 మార్చిలో సంస్థ దాన్ని మూసివేసింది. అందుకే మీరు గీసిన దారిని జీపీఎక్స్ అనే ఫైలుగా కూడా దాచుకోండి. ఒక దారిలోని బిందువులను వరుసగా రాసిపెట్టే చిన్న ఫైలు అది. దారులు గీసే సాధనాల్లో చాలావరకు దాన్ని చదవగలవు. ఒక వెబ్‌సైటు మూతపడితే అదే దారిని మరొకదానిలో తెరుచుకోవచ్చు.

కొన్ని సందేహాలు

"మా వీధులు మాకు తెలియవా, మ్యాపు ఎందుకు?" అని కొందరు అడుగుతారు. తెలుసు. కానీ కోడలి కాన్పు కోసం కొత్తగా ఊరు వచ్చిన తల్లికి తెలియదు. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు బంధువుల ఇంట్లో ఉండే పెద్దాయనకు తెలియదు. పైగా ఎంత దూరం నడిచామో మనకూ సరిగ్గా తెలియదు. 30 నిమిషాలకు మామూలు నడకలో రెండు, రెండున్నర కిలోమీటర్లు వస్తాయి. ఇంటి దగ్గర మొదలై ఇంటి దగ్గరే ముగిసే రెండు కిలోమీటర్ల చుట్టు ఏదో మ్యాపు ఒక్క నిమిషంలో చెబుతుంది.

"పెద్దవాళ్ళకు ఈ ఫోన్లు ఏం తెలుస్తాయి?" అనేది మరో సందేహం. వారికి తెలియనవసరం లేదు. మనవడో మనవరాలో గీసి, కాగితం మీద ప్రింటు తీసి, బెంచీలు ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇస్తే చాలు. ఆ పనిలో తాతకూ మనవడికీ అరగంట కబుర్లు అదనపు లాభం.

"ఫుట్‌పాత్‌లు వేయవలసింది మునిసిపాలిటీ కదా?" అంటే నిజమే, ఆ బాధ్యత వారిదే. మ్యాపు ఫుట్‌పాత్‌కు బదులు కాదు. కానీ "మా వార్డులో రోడ్లు బాగా లేవు" అనే అర్జీ కన్నా, "ఈ 800 మీటర్లలో ఫలానా మూడు చోట్ల దీపాలు లేవు, ఒక చోట మూత లేదు" అని గుర్తులు పెట్టిన మ్యాపును పక్కకు తోసేయడం కష్టం.

అన్నిటికన్నా గట్టి సందేహం భద్రత గురించి. ఇది కొట్టిపారేయవలసినది కాదు. వ్యాయామం నమోదుచేసే స్ట్రావా అనే యాప్ 2017 నవంబరులో తన సభ్యులు పరుగెత్తిన, సైకిలు తొక్కిన దారులన్నీ కలిపి ఒక ప్రపంచ మ్యాపు విడుదల చేసింది. కొన్ని దేశాల్లో రహస్య సైనిక స్థావరాల చుట్టూ సైనికులు పరుగెత్తిన గీతలు అందులో వెలుగుతూ కనిపించాయని 2018 జనవరిలో ఒక విద్యార్థి బయటపెట్టాడు. సైనికులకే ఈ జాగ్రత్త తప్పినప్పుడు, రోజూ ఒకే వేళకు ఒంటరిగా నడిచే ఆడపిల్లల సంగతి మరింత ఆలోచించాలి. పంచుకోవలసింది దారి మాత్రమే, మన ఇల్లు కాదు, మనం వెళ్ళే వేళ కాదు. దారిని ఇంటి గుమ్మం నుంచి కాకుండా గుడి, చర్చి, బడి, పార్కు వంటి పదిమందికీ తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టి గీయండి. యాప్‌లో మీ నడకలు ఎవరికి కనిపించాలి అనే చోట "నాకు మాత్రమే" అన్నది ఎంచుకోండి.

ఈ వారం ఏం చేయవచ్చు?

1. ఇంట్లో నడక రాసిచ్చినవారు ఎవరో, వారికి బెంచీ ముఖ్యమా, చదును నేల ముఖ్యమా, మరుగుదొడ్డి ముఖ్యమా అని ముందు అడిగి తెలుసుకోండి.

2. మ్యాపులో కిలోమీటరు, రెండు కిలోమీటర్ల చుట్లు రెండు గీయండి. చిన్నది ఒంట్లో బాగాలేని రోజుకు, పెద్దది మామూలు రోజుకు.

3. రోగి కన్నా ముందు మీరు ఆ దారిన ఒకసారి నడిచి చూడండి. మ్యాపు ఎంత మంచిదైనా నిన్న తవ్విన గుంత అందులో ఉండదు. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన నడవడం మేలు.

4. చూసిన వివరాలు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో చేర్చండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో స్ట్రీట్ కంప్లీట్ అనే యాప్ "ఈ వీధిలో దీపాలున్నాయా?" వంటి చిన్న ప్రశ్నలు అడిగి ఆ పని తేలిక చేస్తుంది. కళ్ళతో చూసిందే రాయాలి, గూగుల్ మ్యాపు చూసి కాపీ చేయకూడదు.

5. కుక్కల బెడద, సంత రోజు రద్దీ వంటి మారిపోయే సంగతులు అందరి మ్యాపులో రాయనక్కరలేదు. అవి యూమ్యాప్ వంటి సాధనంలో మీ కాలనీకోసం విడిగా చేసుకున్న మ్యాపులో రాసి, ఆ లింకు మీ వారికి పంపండి.

6. ఛాతీలో నొప్పి, తల తిరగడం, మాట్లాడలేనంత ఆయాసం వస్తే దారి ఎంత మంచిదైనా వెంటనే ఆగిపోవాలి. ఇన్సులిన్ వాడేవారు జేబులో చక్కెరో గ్లూకోజు బిళ్ళలో ఉంచుకోవాలి. కొత్తగా నడక మొదలుపెట్టే గుండె రోగులు ముందు డాక్టరును అడగాలి.

వచ్చేసారి చెకప్‌కు వచ్చేటప్పుడు రిపోర్టులతో పాటు మీ నడక దారి గీసిన కాగితం కూడా తీసుకురండి. డాక్టరు గారికి చూపించి, "ఈ ఎక్కుడు నాకు ఫరవాలేదా? ఇక్కడ ఆగితే చాలా?" అని అడగండి. అలా అడిగే రోగి, అది చూసి సలహా చెప్పే డాక్టరు ఉంటే నడక ఉత్త సలహాగా మిగిలిపోదు. ఆ కాగితం మీ పక్కింటివారికీ ఒకటి ఇవ్వండి. వారికీ అదే మాట రాసి ఇచ్చే ఉంటారు.